స్లాట్ పదహారు లేన్లది, కార్డు నాలుగు లేన్లది: పాత డెస్క్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు మార్చిన ఒక కేసు

"అన్నా, కొత్త కార్డు వేశాక సిస్టమ్ ఇంకా స్లో అయింది."

క్యాబినెట్‌ని బెంచి మీద పెడుతూ ఆ కుర్రాడు అన్న మొదటి మాట ఇది. డిగ్రీ చదువుతున్నాడు. వాళ్ల అక్క నడిపే డాన్స్ క్లాసు వీడియోలు ఎడిట్ చేస్తాడు, ఖాళీ దొరికితే గేమ్స్ ఆడతాడు. దాచుకున్న డబ్బుతో సెకండ్ హ్యాండ్‌లో ఆర్ఎక్స్ 6400 కార్డు కొన్నాడు. అమ్మినతను చెప్పింది ఒక్కటే: "దీనికి విడిగా పవర్ కేబుల్ అక్కర్లేదు, ఏ పాత సిస్టమ్‌లో అయినా పెట్టుకోవచ్చు." అందులో మొదటి సగం నిజమే. రెండో సగం దగ్గరే తేడా వచ్చింది.

ఇలాంటి కంప్లెయింట్ వస్తే డ్రైవర్ సమస్య అని తేల్చేసి విండోస్ ఫార్మాట్ చేసేయడం మా పనిలో బాగా అలవాటు. ఇక్కడ ఫార్మాట్ చేసి ఉంటే సగం రోజు పోయేది, సమస్య మాత్రం అలాగే ఉండేది. అందుకే ఈ కేసు మొత్తం రాసి పెడుతున్నాను. ఇంట్లో పదేళ్ల నాటి డెస్క్‌టాప్ ఉండి, కార్డు వేద్దామా అని ఆలోచిస్తున్న వాళ్లకి పనికొస్తుంది.

సిస్టమ్‌లో ఏముంది

ఇంటెల్ ఐ5-4590 ప్రాసెసర్. నాలుగో జనరేషన్, 4 కోర్లు, 4 థ్రెడ్లు, టీడీపీ (నిండు పనిలో ఉన్నప్పటి కరెంటు లెక్క) 84 వాట్లు. హెచ్81 చిప్‌సెట్ ఉన్న చిన్న మదర్‌బోర్డు. ర్యామ్ 8 జీబీ డీడీఆర్3, ఒకే స్టిక్. 240 జీబీ ఎస్ఎస్‌డీ, పాత 1 టీబీ హార్డ్ డిస్క్. విండోస్ 10. సిస్టమ్ మొత్తానికి కరెంటు అందించే పెట్టె, అంటే ఎస్‌ఎంపీఎస్ మీద పెద్ద అక్షరాలతో 500 వాట్లు అని స్టిక్కర్. దాని సంగతి తర్వాత చెప్తాను.

కుర్రాణ్ణి కూర్చోబెట్టి, "స్లో అంటే ఎక్కడ స్లో? ఒక్కొక్కటీ చెప్పు" అని అడిగాను. ఈ ప్రశ్నకి ఓపిగ్గా జవాబు రాబట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. అతను చెప్పినవి మూడు. ఫోన్‌లో తీసిన వీడియోలు ఎడిటర్ టైమ్‌లైన్‌లో ఇదివరకు తెగ ఆగేవి, ఇప్పుడు బాగా ఆడుతున్నాయి. కానీ ఎక్స్‌పోర్ట్ పెడితే ఇదివరకటి కంటే చాలా ఎక్కువసేపు పడుతోంది. గేమ్‌లో మామూలుగా బాగానే ఉంటుంది కానీ కెమెరా గబుక్కున తిప్పితే బొమ్మ ఆగి ఆగి కదులుతోంది. లేచి వెళ్లబోతూ ఇంకో మాట కూడా అన్నాడు: "గేమ్ మధ్యలో రెండుసార్లు దానంతటదే రీస్టార్ట్ అయిందన్నా. అది కరెంటు వల్లేమో అనుకున్నా."

అతను లెక్కలోకి తీసుకోని ఆ చివరి మాటే నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది.

ఎక్స్‌పోర్ట్ ఎందుకు నెమ్మదించింది

ముందు దీన్ని పట్టుకున్నాను, ఎందుకంటే ఇది కొలవడానికి తేలిక. అతని పాత ప్రాజెక్టు ఒకటి తెరిచాను. ఫోన్‌లో హెచ్.265లో తీసిన క్లిప్పులతో 5 నిమిషాల వీడియో, అవుట్‌పుట్ హెచ్.264. రెండూ వీడియోని కుదించి దాచే పద్ధతులే. ఎక్స్‌పోర్ట్ నొక్కి టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరిచి కూర్చున్నాను. సీపీయూ గ్రాఫ్ 100 దగ్గర గోడలా నిలబడిపోయింది. జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) గ్రాఫుల్లో డీకోడ్ వైపు, అంటే కుదించిన వీడియోని విప్పే వైపు, కాస్త కదలిక ఉంది. ఎన్‌కోడ్ వైపు, అంటే మళ్లీ కుదించే వైపు, ఏమీ లేదు. మొత్తం 15 నిమిషాలు పట్టింది.

కార్డు లేని రోజుల్లో ఇదే సిస్టమ్‌లో ఇదే సైజు వీడియోకి 9, 10 నిమిషాలు పట్టేదని కుర్రాడు చెప్పాడు. కార్డు పీకేసి అదే ప్రాజెక్టు మళ్లీ పెట్టి చూశాను. 9 నిమిషాల 40 సెకన్లు. అతను చెప్పింది అక్షరాలా నిజం.

కారణం ఇది. ఐ5-4590 లోపలే హెచ్‌డీ 4600 గ్రాఫిక్స్ ఉంది. అందులో క్విక్ సింక్ అనే వీడియో ఇంజిన్ ఉంది. అది హెచ్.264ని హార్డ్‌వేర్‌లోనే ఎన్‌కోడ్ చేస్తుంది. కానీ హెచ్.265కి పూర్తి హార్డ్‌వేర్ డీకోడర్ దానిలో లేదు. అందుకే టైమ్‌లైన్‌లో ఫోన్ క్లిప్పులు ఆగి ఆగి ఆడేవి, ఎక్స్‌పోర్ట్ మాత్రం పర్వాలేదనిపించేది. ఆర్ఎక్స్ 6400 దీనికి సరిగ్గా తలకిందులు. హెచ్.265 డీకోడ్ చేస్తుంది. ఎన్‌కోడర్ మాత్రం ఆ చిప్‌లో అసలు లేదు. అంటే టైమ్‌లైన్ బాగుపడింది, ఎక్స్‌పోర్ట్ పని వచ్చి ప్రాసెసర్ నెత్తిన పడింది.

మరి ప్రాసెసర్‌లో క్విక్ సింక్ అలాగే ఉంది కదా, అది ఏమైంది? స్లాట్‌లో కార్డు కనబడగానే ఈ బోర్డు లోపలి గ్రాఫిక్స్‌ని ఆపేస్తుంది. చాలా పాత బోర్డుల బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లో, అది ఆటోలో ఉంటుంది, ఆటో అంటే అర్థం అదే. కార్డు మళ్లీ పెట్టి, బయోస్‌లోకి వెళ్లి, ఐజీపీయూ మల్టీ మానిటర్ అన్న సెట్టింగ్‌ని ఎనేబుల్ చేశాను. విండోస్‌లోకి రాగానే డివైస్ మేనేజర్‌లో రెండు గ్రాఫిక్స్ అడాప్టర్లు కనబడ్డాయి. ఇంటెల్ డ్రైవర్ వేసి, ఎడిటర్‌లో ఎన్‌కోడర్‌గా క్విక్ సింక్‌ని ఎంచుకున్నాను. అదే ప్రాజెక్టు 6 నిమిషాల్లో అయిపోయింది. డీకోడ్ కార్డులో, ఎన్‌కోడ్ ప్రాసెసర్ లోపలి ఇంజిన్‌లో.

ఒక్క పైసా ఖర్చు లేకుండా 15 నిమిషాలు 6 అయ్యాయి. వీడియో ఎడిటింగ్ ఒక్కటే అతని పని అయి ఉంటే నేను ఇక్కడితో ఆపి, ఎస్‌ఎంపీఎస్ మాత్రం మార్చి పంపేసేవాణ్ణి. ఆర్ఎక్స్ 6400 వేసుకుని ఇదే బాధ పడుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే, కార్డు అమ్మేసే ముందు ఆ ఒక్క సెట్టింగ్ మార్చి చూడండి.

గేమ్‌లో ఆగడం: నాలుగు లేన్ల లెక్క

కార్డు వివరాలు చూపించే జీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్ తెరిస్తే బస్ ఇంటర్‌ఫేస్ అన్న గడి ఉంటుంది. బస్ అంటే కార్డుకీ బోర్డుకీ మధ్య సమాచారం నడిచే దారి. కార్డు ఏ వేగానికి తయారైంది, ఇప్పుడు ఏ వేగంలో నడుస్తోంది అన్న రెండు విషయాలూ అందులో కనబడతాయి. ఖాళీగా ఉన్నప్పుడు కార్డు కరెంటు ఆదా కోసం లింక్ వేగం తగ్గించుకుంటుంది, కాబట్టి ఆ గడి పక్కనే ఉన్న ప్రశ్నార్థకం బటన్ నొక్కి, రెండర్ టెస్ట్ నడుపుతూ చూడాలి. అలా చూస్తే కనబడింది ఇదీ: కార్డు సామర్థ్యం పీసీఐ ఎక్స్‌ప్రెస్ 4.0, నడుస్తున్నది ఎక్స్4 2.0. పీసీఐ ఎక్స్‌ప్రెస్ అన్నది ఆ దారి పేరు, ఎక్స్4 అంటే నాలుగు లేన్లు, 2.0 అంటే దాని తరం.

బోర్డు మీద స్లాట్ నిండు పొడవుది. పదహారు లేన్లూ ఉన్నాయి. కానీ ఆర్ఎక్స్ 6400 ఆ పొడవంతా ఆక్రమించినా సమాచారం పంపే లేన్లు నాలుగే వాడుతుంది. మిగతా పన్నెండూ ఖాళీ. కార్డుని చేతిలోకి తీసుకుని వెలుతురులో అంచు చూస్తే ఇది కంటికే తెలుస్తుంది: బంగారు రంగు కాంటాక్టుల నుంచి చిప్ వైపు వెళ్లే సన్నటి గీతలు మొదట్లో కొన్నిటికే ఉంటాయి.

నాలుగు లేన్లు ఉండటం దానంతటది తప్పేం కాదు. 4.0 స్లాట్‌లో ఒక్కో లేను సెకనుకి దాదాపు 2 జీబీ మోస్తుంది, నాలుగూ కలిపి దాదాపు 8. ఈ కార్డు ఆ లెక్కతో చేసినదే. 3.0 స్లాట్‌లో అది సగమై 4కి దిగుతుంది. 2.0 స్లాట్‌లో లేనుకి 500 ఎంబీ చొప్పున మొత్తం 2 జీబీయే. అదే 2.0 స్లాట్‌లో పదహారు లేన్లూ వాడే పాత కార్డు పెడితే 8 జీబీ వస్తుంది. పాత సిస్టమ్‌కి పాత డిజైన్ కార్డు నప్పడానికి ఒక గట్టి కారణం ఇదే.

ఇక్కడ నన్ను కూడా తికమక పెట్టిన విషయం ఒకటుంది. ఐ5-4590 ప్రాసెసర్ స్వతహాగా పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3.0 ఇవ్వగలదు. స్పెసిఫికేషన్ చూసినవాళ్లెవరైనా 3.0 అనే అనుకుంటారు. కానీ హెచ్81 చిప్‌సెట్ ఉన్న బోర్డుల్లో ఆ స్లాట్ 2.0కే పరిమితం. అదే ప్రాసెసర్‌ని హెచ్87 లేదా జెడ్87 బోర్డులో పెడితే 3.0 వస్తుంది. ప్రాసెసర్ పేరు చూసి కార్డు ఎంచుకుంటే సరిపోదు, బోర్డు మాన్యువల్‌లో స్లాట్ గురించి రాసిన లైను చదవాలి.

లేన్లు తక్కువైనంత మాత్రాన గేమ్ ఆగాలని లేదు. కావలసిన టెక్స్‌చర్లన్నీ (గేమ్‌లో వస్తువుల మీద అతికించే బొమ్మలు) కార్డు మీది 4 జీబీ మెమరీలో పట్టినంతసేపూ బస్ మీద పెద్ద రాకపోకలు ఉండవు. మెమరీ నిండితేనే గొడవ. మిగిలినవి సిస్టమ్ ర్యామ్‌లో ఉండి, కావలసి వచ్చినప్పుడల్లా బస్ మీదుగా రావాలి. కెమెరా గబుక్కున తిప్పితే కొత్త దృశ్యానికి కావలసినవన్నీ ఒక్కసారిగా ఆ సన్నటి దారిలో క్యూ కడతాయి.

ఇది నా ఊహే కాకుండా నిజమో కాదో తేల్చుకోవాలి. అతను ఆడే ఓపెన్ వరల్డ్ గేమ్‌లో కార్డు మెమరీ వాడకం స్క్రీన్ మీద కనబడేలా పెట్టి, ఒకే వీధిలో ఒకే మలుపు దగ్గర పదిసార్లు కెమెరా తిప్పాను. టెక్స్‌చర్లు హైలో ఉంటే మెమరీ నిండుగా ఉంది. సెకనుకి వచ్చే ఫ్రేములు 50ల నుంచి తిప్పిన ప్రతిసారీ 12, 15కి పడిపోయాయి. మిగతా సెట్టింగులేవీ ముట్టుకోకుండా టెక్స్‌చర్లు ఒక్కటే మీడియంకి దించాను. మెమరీ 3.3 జీబీ దగ్గర ఆగింది, ఆ పడిపోవడం దాదాపు పోయింది. అదే గేమ్, అదే డ్రైవర్, అదే ప్రాసెసర్. మారింది బస్ మీద పడే బరువొక్కటే. దోషి ఎవరో అక్కడ తేలిపోయింది.

ఎస్‌ఎంపీఎస్ స్టిక్కర్ మీది చిన్న అక్షరాలు

ఇక రీస్టార్ట్ సంగతి. విండోస్ ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే అతను చెప్పిన రెండు రోజుల్లోనూ కెర్నల్-పవర్, ఈవెంట్ ఐడీ 41 ఉంది. బగ్ చెక్ కోడ్ సున్నా. అంటే విండోస్ క్రాష్ అయి బ్లూ స్క్రీన్ ఇచ్చేంత వ్యవధి కూడా లేదు, ఉన్నట్టుండి కరెంటు పోయినట్టు ఆగిపోయింది. ఇంట్లో ఆ టైమ్‌లో లైట్లు ఆరలేదని అతనే చెప్పాడు.

ఎస్‌ఎంపీఎస్‌ని బయటికి లాగి స్టిక్కర్‌ని టార్చి వెలుగులో చదివాను. పైన 500 వాట్లు. కింద చిన్న పట్టిక. 3.3 వోల్టులకి 22 ఆంపియర్లు, 5 వోల్టులకి 25, 12 వోల్టులకి 14. ప్రాసెసర్‌కి, గ్రాఫిక్స్ కార్డుకి వెళ్లేది ముఖ్యంగా 12 వోల్టుల లైనే. 12ని 14తో గుణిస్తే 168 వాట్లు. 500 అన్నది అట్ట మీద మాట, ఈ సిస్టమ్‌కి అక్కరకొచ్చేది ఆ 168.

కరెంటు ఖర్చు వైపు చూద్దాం. ప్రాసెసర్ 84 వాట్లు. ఆర్ఎక్స్ 6400 గరిష్ఠంగా 53. బోర్డు, డిస్కులు, ఫ్యాన్లు కలిపి ఒక 30. మొత్తం 167. కొత్తగా ఉన్నప్పుడే అంచు మీద నిలబడాల్సిన లెక్క, ఇది దుమ్ము పట్టి ఏళ్లు నడిచిన పెట్టె. ప్రాసెసర్‌కీ కార్డుకీ ఒకేసారి లోడ్ ఇచ్చి మల్టీమీటర్ పెడితే 12 వోల్టుల లైను 11.38 చూపించింది. ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం 5 శాతం వరకు హెచ్చుతగ్గులు ఉండొచ్చు, కిందివైపు హద్దు 11.4. ఇది దాన్ని దాటేసింది.

దీన్ని రిపేర్ చేద్దామని నేను చూడలేదు, ఎవరినీ చూడనివ్వను కూడా. ప్లగ్ పీకేసిన తర్వాత కూడా లోపలి పెద్ద కెపాసిటర్లలో ప్రమాదకరమైన వోల్టేజీ నిలిచి ఉండొచ్చు. స్క్రూలు విప్పి చూద్దాం అన్న ఉత్సాహం ఇక్కడ వద్దు. 450 వాట్ల బ్రాంజ్ రేటింగ్ ఎస్‌ఎంపీఎస్ కొత్తది వేశాం. దాని 12 వోల్టుల లైను 36 ఆంపియర్లు, అంటే 432 వాట్లు. పేరుకీ పట్టికకీ పొంతన ఉంది. అదే లోడ్ మీద 12.06 చూపించింది.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఇది అసెంబుల్ చేసిన సిస్టమ్ కాబట్టి 24 పిన్నుల మామూలు కనెక్టర్ ఉంది, బజార్లో దొరికే ఏ ఏటీఎక్స్ ఎస్‌ఎంపీఎస్ అయినా సరిపోయింది. కంపెనీలు ఆఫీసుల కోసం చేసే డెస్క్‌టాప్‌లలో చాలావాటికి బోర్డు వైపు వాళ్ల సొంత కనెక్టర్లు ఉంటాయి, ఎస్‌ఎంపీఎస్ కొలతలు కూడా వేరు. అలాంటిదైతే ఉన్న ఎస్‌ఎంపీఎస్ ఎంత ఇవ్వగలదో అంతలోనే కార్డు వెతుక్కోవాలి. సాటా కేబుల్ నుంచి 6 పిన్ తీసే అడాప్టర్లు అమ్ముతుంటారు. సాటా పవర్ కనెక్టర్‌లో 12 వోల్టులకి మూడు పిన్నులు, ఒక్కోటి 1.5 ఆంపియర్లు, మొత్తం 54 వాట్లు. 6 పిన్ కనెక్టర్ మీద కార్డు 75 వాట్ల వరకు లాగొచ్చు. ఆ తేడాకి కరిగిపోయిన కనెక్టర్లు నా బెంచి మీదికి వచ్చాయి. దయచేసి వాడకండి.

ఏ కార్డు?

కార్డు అమ్మినతను మార్పిడికి ఒప్పుకున్నాడు. అతని దగ్గర ఉన్నవాటిలోంచే ఎంచుకోవాలి. జీటీఎక్స్ 1050 టీఐ, జీటీఎక్స్ 1650, ఆర్ఎక్స్ 6600, ఆర్క్ ఏ380. ఇవీ ఉన్నవి.

ఆర్ఎక్స్ 6600 వీటిలో బాగా బలమైనది, కుర్రాడి కన్ను దాని మీదే పడింది. 132 వాట్లు, 8 పిన్ కేబుల్ కావాలి, కొత్త ఎస్‌ఎంపీఎస్‌తో అదేం సమస్య కాదు. కానీ దానివి ఎనిమిది లేన్లు, ఈ స్లాట్‌లో 4 జీబీ. పైగా నాలుగు థ్రెడ్ల ప్రాసెసర్ ఆ కార్డుకి పని అందించలేదు. కార్డు సగం టైమ్ ఊరికే కూర్చుంటుంది. రేపు సిస్టమ్ మొత్తం మార్చే ఆలోచన దగ్గర్లోనే ఉంటే కొని పెట్టుకోవచ్చు. అతనికి ఇంకో రెండేళ్లు ఆ ఆలోచన లేదు.

ఆర్క్ ఏ380ని వెంటనే పక్కన పెట్టాను. కార్డు మెమరీ మొత్తాన్ని ప్రాసెసర్ ఒకేసారి అందుకునే వీలునిచ్చే రీసైజబుల్ బార్ అనే సదుపాయం లేని బోర్డులో ఆ కార్డుల పనితీరు బాగా దెబ్బతింటుంది, ఈ బోర్డులో అది లేదు.

జీటీఎక్స్ 1050 టీఐ 2016 నాటిది. దాని పాస్కల్ కుటుంబానికి కొత్త గేమ్ డ్రైవర్లు 2025లో ఆగిపోయాయి. 2019లో వచ్చిన జీటీఎక్స్ 1650 ట్యూరింగ్ కుటుంబంలోది, దానికి డ్రైవర్లు వస్తూనే ఉన్నాయి. 75 వాట్లు, 4 జీబీ మెమరీ, పదహారు లేన్లు, ఎన్‌కోడర్ ఉంది. మొదటి 1650లో పెట్టిన ఎన్‌కోడర్ అంతకుముందు తరానిది, దాని తర్వాత వచ్చిన 1650 సూపర్‌లోది మెరుగైనది. కానీ హెచ్.264లో డాన్స్ క్లాసు వీడియోలకి ఇది చాలినంత. గేమ్స్‌లో బలం చూస్తే 1650, 6400 రెండూ దగ్గర దగ్గరే. నేను చేస్తున్నది పెద్ద కార్డుకి మారడం కాదు, ఈ స్లాట్‌కి సరిపడే కార్డుకి మారడం. అదే అతనికి చెప్పాను. మొదట కాస్త నిరాశపడ్డాడు. "అంతే బలం అయితే మార్చడం ఎందుకన్నా?" అన్నాడు. జీపీయూ-జెడ్‌లో ఆ ఎక్స్4 2.0 గడి చూపించి, 2కీ 8కీ తేడా వివరిస్తే ఒప్పుకున్నాడు.

ఎంచుకునే వీలు ఇంకాస్త ఉండి ఉంటే ఆర్‌టీఎక్స్ 3050లో 6 జీబీ రకం చూసేవాణ్ణి. అది 70 వాట్లు, చాలా మోడళ్లకి పవర్ కేబుల్ అక్కర్లేదు, 2 జీబీ మెమరీ ఎక్కువ. దానివి ఎనిమిది లేన్లే అయినా 3.0 స్లాట్ ఉన్న బోర్డుకైతే నా మొదటి సలహా అదే.

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసిందని, ఈ ప్రాసెసర్ విండోస్ 11 అధికారిక జాబితాలో లేదని కూడా అప్పుడే చెప్పాను. ఈ విషయం తెలియకుండా ఎవరూ పాత సిస్టమ్ మీద డబ్బు పెట్టకూడదు. విన్నాడు, ఆలోచించాడు, రెండేళ్లు గడిస్తే చాలన్నాడు.

బిగించడం, ఆ ఎనిమిది లేన్లు

సెకండ్ హ్యాండ్ కార్డు కాబట్టి ముందు నా టెస్ట్ సిస్టమ్‌లో పెట్టాను. పాత చిప్‌ల మీద మార్చిన బయోస్ ఎక్కించి 1050 టీఐ లాంటి పేర్లతో అమ్మిన నకిలీ కార్డులు చాలా తిరిగాయి. వాటిని జీపీయూ-జెడ్ చాలావరకు పట్టేసి, పేరు ముందు ఫేక్ అని చూపిస్తుంది. ఇది అసలుదే. 896 కోర్లు, 128 బిట్ మెమరీ, అన్నీ సరిపోయాయి. అరగంట స్ట్రెస్ టెస్ట్ నడిపితే 71 డిగ్రీల దగ్గర నిలబడింది, స్క్రీన్ మీద చుక్కలు, గీతలు ఏవీ రాలేదు.

పాత డ్రైవర్‌ని సేఫ్ మోడ్‌లో డిస్‌ప్లే డ్రైవర్ అన్ఇన్‌స్టాలర్‌తో తీసేశాను. ఆ పని చేసేటప్పుడు ఇంటర్నెట్ కేబుల్ పీకి ఉంచాలి, లేదంటే మధ్యలో విండోస్ అప్‌డేట్ తనకి తోచిన డ్రైవర్ తెచ్చి వేసేస్తుంది. క్యాబినెట్ వెనక రేకు నుంచి హార్డ్ డిస్క్ బోను వరకు 24 సెంటీమీటర్లు, కార్డు 20. పట్టింది. సాటా కేబుల్ ఒకటి కార్డు కింద నలుగుతుంటే తలకాయ వంగి ఉన్న కేబుల్ వేశాను.

కార్డు దిగింది, స్క్రూ బిగించాను, డిస్‌ప్లే వచ్చింది, డ్రైవర్ ఎక్కింది. కుర్రాడు అయిపోయిందనుకుని లేచాడు. జీపీయూ-జెడ్‌లో రెండర్ టెస్ట్ నడిపితే ఎక్స్8 2.0 అని వచ్చింది.

పదహారు రావాలి. ఎనిమిది వస్తోంది. బయట నుంచి చూస్తే ఏ లోపమూ కనబడదు, గేమ్ నడుస్తుంది, డిస్‌ప్లే బాగుంటుంది. చూడకపోతే ఎప్పటికీ తెలిసేది కాదు. మళ్లీ ఆపి, ప్లగ్ పీకి, పక్కనుంచి టార్చి వేసి చూశాను. వెనక స్క్రూ వైపు కార్డు పూర్తిగా దిగింది. లోపలివైపు, లాక్ ఉండే చోట, బంగారు కాంటాక్టుల పై అంచు గోరు మందం పైకి లేచి ఉంది. లాక్ పడిన చప్పుడు నాకు వినబడినట్టే అనిపించింది కానీ పడలేదు. క్యాబినెట్ వెనక రేకు కొంచెం వంగి ఉంది, స్క్రూ బిగించిన కొద్దీ కార్డు ఆ చివర పైకి లేస్తోంది. లేన్లలో చివరి ఎనిమిదీ ఉండేది ఆ వైపే.

కార్డు తీసి, కాంటాక్టులని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను. దూది నల్లగా వచ్చింది. స్లాట్ ఆ చివర ఇన్నేళ్లూ ఏ కార్డూ వాడలేదు, కాబట్టి అందులో దుమ్ము గట్టిగా పేరుకుంది. మెత్తటి బ్రష్‌తో, గాలి డబ్బాతో శుభ్రం చేశాను. వెనక రేకుని ప్లయర్‌తో ఒక్క నూలు సరిచేసి, కార్డుని రెండు బొటనవేళ్లతో రెండు చివరలా సమంగా నొక్కాను. ఈసారి టక్‌మని లాక్ పడింది. ఎక్స్16 2.0.

ప్రాసెసర్ మీద థర్మల్ పేస్ట్ ఎండి సుద్దలా రాలిపోతోంది, అదీ మార్చాను. ఎక్స్‌పోర్ట్ లోడ్‌లో 93 డిగ్రీలు ఉండేది 69కి దిగింది. రెండో ర్యామ్ స్లాట్‌లో ఇంకో 8 జీబీ స్టిక్ వేశాం. ఈ చిప్‌సెట్‌కి రెండు స్లాట్లు, గరిష్ఠంగా 16 జీబీ. ఒకటే స్టిక్ ఉన్నప్పుడు సెకనుకి 12.8 జీబీ ఉన్న మెమరీ దారి రెండయ్యేసరికి 25.6 అయింది. కార్డు మెమరీ నిండి ర్యామ్ మీద పడే గేమ్స్‌కి ఇది కూడా లెక్కలోకి వస్తుంది. చాలామంది కార్డు మీద పెట్టిన శ్రద్ధ ఇక్కడ పెట్టరు.

చివరికి వచ్చిన ఫలితం

అదే 5 నిమిషాల ప్రాజెక్టు 4 నిమిషాల 50 సెకన్లలో అయింది. ఇప్పుడు డీకోడ్, ఎన్‌కోడ్ రెండూ కార్డులోనే, అందుకని బయోస్‌లో లోపలి గ్రాఫిక్స్‌ని మళ్లీ ఆటోకి మార్చాను. గేమ్‌లో అదే వీధి, అదే మలుపు. టెక్స్‌చర్లు హైలో ఉంటే ఇప్పటికీ పడుతోంది కానీ 15కి కాదు, 38, 40కి. మీడియంలో అసలు తెలియడం లేదు. 4 జీబీ మెమరీ 4 జీబీయే కదా, మీడియంలో ఉంచమన్నాను. రద్దీగా ఉండే చోట ప్రాసెసర్ 100కి, కార్డు 70 శాతానికి అటూ ఇటూగా ఉంటున్నాయి. అంటే అక్కడ ఆపుతున్నది ప్రాసెసర్. ఫ్రేములు 60 దగ్గర లాక్ చేస్తే ప్రాసెసర్‌కి కాస్త ఊపిరి దొరికి ఆట ఇంకా నిలకడగా నడిచింది. రెండు గంటలు ఆపకుండా ఆడించాను. రీస్టార్ట్ కాలేదు.

మూడు వారాల తర్వాత ఫోన్ చేశాడు. "అన్నా, మళ్లీ ఎక్స్‌పోర్ట్ పదిహేను నిమిషాలు పడుతోంది." గొంతులో కంగారు. టాస్క్ మేనేజర్ తెరిచి జీపీయూలో వీడియో ఎన్‌కోడ్ గ్రాఫ్ ఎలా ఉందో చెప్పమన్నాను. సున్నా అన్నాడు. కార్డు పోయి ఉంటే డిస్‌ప్లేయే ఉండేది కాదు. "ఎడిటర్ ఈ మధ్య అప్‌డేట్ చేశావా?" అంటే ముందురోజే చేశానన్నాడు. ఎక్స్‌పోర్ట్ సెట్టింగుల్లో ఎన్‌కోడింగ్ అన్న చోట సాఫ్ట్‌వేర్ అని ఉందట. దాన్ని హార్డ్‌వేర్‌కి మార్చమని చెప్పి లైన్‌లోనే ఉన్నాను. "పైకి లేస్తోందన్నా గ్రాఫ్" అన్నాడు.